మన్రో దుర్గము

మన్రో యనగానే మన రాయలసీమవారికి కలెక్టరు థామస్ మన్రో జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పబోవు దుర్గమునకు ఆయనతో సంబంధము లేదు. అది అమెరికాలో, వర్జీనియా తీరమున, చెసాపీక్ అఖాతపు ముఖద్వారమున నున్నది. అధ్యక్షుడు జేమ్స్ మన్రో పేర వెలసినది. 1814లో ఆంగ్ల సేనలు ఈ అఖాతమున ప్రవేశించి రాజధాని వాషింగ్టనును తగులబెట్టెను. అట్టి పరాభవము మరల కలుగకుండుటకై 1819లో ఈ కోటకు పునాది వేసి, 1834 నాటికి చాలవరకు ముగించిరి. చుట్టును నీటి అగడ్త, లోపల దళసరి రాతిగోడలు. ఆ పనిచేసిన కూలీలలో బానిసలును గలరు.

ఇది తేలికగా దాటిపోదగిన మాట కాదు. ఆంగ్లేయుల వర్జీనియాకు 1619లో ఒక ఓడ 20 మందికి పైగా ఆఫ్రికనులను తెచ్చి, ఆహారపదార్థములకు మారుగా అమ్మినది ఈ భూశిరము నొద్దనే.

1861 మే 23వ తేదీన, సమాఖ్యనుండి వేరుపడుటకు వర్జీనియా ఓటర్లు ఆమోదము తెలిపిరి. కోటమాత్రము సమాఖ్య సైన్యముచేతనే యుండెను. ఆ రాత్రియే ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అను మువ్వురు బానిసలు చిన్న పడవలో నీరుదాటి కోటను చేరిరి. తిరుగుబాటుదారుల ఫిరంగి దిబ్బ కట్టుటకు యజమాని వారిని వినియోగించుచుండెను. ఇంకను దూరమునకు తరలించి ఆలుబిడ్డలకు ఎడముచేయునని వారి భయము.

మరునాడు తెల్లజెండాతో ఒక దూత వచ్చి, పారిపోయిన బానిసలను అప్పగింపవలెనను శాసనమును గుర్తుచేసెను. సేనాని బెంజమిన్ బట్లరు పూర్వాశ్రమమున న్యాయవాది. మీరు వేరుదేశమైతిమని చెప్పుకొనుచుండ, మా శాసనము మీకెట్లు వర్తించునని అడిగెను. మీరు వారిని సొత్తనుచున్నారు. యుద్ధమునకు వాడు శత్రువుల సొత్తును జప్తుచేయు హక్కు మాకు గలదనెను.

మనుష్యులను స్వతంత్రులనక జప్తుసొత్తనుట మాకు రుచింపలేదు. బట్లరును కరుణామూర్తి యనియు చెప్పజాలము. నెలరోజుల క్రితమే, మేరీలాండులో బానిసలు తిరుగబడినచో అణచుటకు తన సైన్యమిచ్చెదనన్నవాడు! అయినను వార్త ప్రాకిపోయెను. స్త్రీలు, వృద్ధులు, చంకబిడ్డలతో తల్లులు వచ్చిరి. జూలై ముగియునాటికి 900 మంది! ఆగస్టులో కాంగ్రెసు బట్లరు వాదము ననుసరించియే శాసనము చేసెను. బట్లరు పేరు చరిత్రపుటలలో పెద్దయక్షరములతో నున్నది. ప్రాణములకు తెగించి పడవనెక్కినవారు మాత్రము ఆ మువ్వురు.

2011లో సైన్యము కోటను విడిచిపోగా, అదే నవంబరు 1న అధ్యక్షుడు ఒబామా దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. నేడు ప్రజలు బురుజులపై షికారు చేయుదురు, ఇసుకతీరమున ఈదులాడుదురు. గోడలోపలి మ్యూజియములో ఒక చెరగదిని చూపుదురు. పడవ వచ్చిన నాలుగేండ్లకు, 1865 మే నెలలో, తిరుగుబాటు రాష్ట్రముల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ను బంధించి తెచ్చి యుంచినది ఆ గదిలోనే.