బడి పెద్దలు ఎవరు?



ఒక ఏడాది మా అమ్మాయి బడిలో సగం కాలం లెక్కల సారు లేరు. ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. అప్పుడే ఈ బడుల కథ విచారించాను.

నిజాం కాలంలో మన కరీంనగరంలో సర్కారు చదువు ఉర్దూలో సాగేది. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు కూడా ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ! ఇక తల్లి పాఠం అప్పజెప్పించుకునేదెట్లా?

1948లో నిజాం పాలన ముగిసింది. 1959 చట్టంతో ప్రాథమిక బడులు పంచాయతి సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి. బడి గోడమీద ఆ పేరు నేటికీ ఉంది. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలొచ్చాయి. 2016లో జిల్లాయే ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరయ్యాయి. పేరు పరిషత్తుదే అయినా పంతుళ్ళ నియామకం, జీతం సర్కారు చేతిలోనివి. అందుకే ఖాళీ కుర్చీ గురించి ముందు ప్రధానోపాధ్యాయుల్ని, తర్వాత జిల్లా విద్యాధికారిని అడగాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. తాగునీరు, మరుగుదొడ్లు, మరమ్మతులు చూడటం వాటి పని. ఇల్లు దిద్దుకునే మనకిది కొత్త పనా చెప్పండి?

పెత్తనం ఎన్ని చేతులు మారినా, అడిగే తల్లి లేకపోతే బడి బాగుపడదు. రేపు ఒక్కసారి మీ పిల్లల బడికి వెళ్ళిరండి. కుళాయి తిప్పి చూడండి. ఏ కుర్చీ ఖాళీగా ఉందో అడగండి.