మార్లవాయి బడి - మన అర్జీ

కిందటేడు దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం మా ఊరి తెలుగువాళ్లం పదిహేను మందిమి ఒక మిత్రుడి ఇంట్లో కూర్చున్నాం. మన పిల్లలకు బళ్లో తెలుగు చెప్పించే ఏర్పాటు కోసం జిల్లా అధికారులకు అర్జీ పెట్టాలన్నది విషయం. నాందేడ్ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా మరాఠీ బళ్లలో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ని. రాత పని నా మీద పడింది. "గురుజీ, మీరే రాయాలె. కాయిదాలు, కానూన్లు మీకు ఎరుక" అన్నారు.

కానూన్లకు కొదవేమీ లేదు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, ఒక తరగతిలో పది మందో, బడి మొత్తం మీద నలభై మందో ఒక భాష పిల్లలుంటే ప్రాథమిక దశలో ఆ భాష చెప్పే ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలని తీర్మానించారు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. ఈ రెండూ ఉటంకించి, మూడవ పేరాలో "మాతృభాషలో చదువు ప్రతి బిడ్డకూ జన్మహక్కు" అని రాశాను.

అక్కడ నా కలం ఆగింది. ఆ వాక్యం రాసే అర్హత నాకుందా అన్న శంక పుట్టింది. ఎందుకో చెప్పాలంటే 1978కి వెళ్లాలి.

అప్పుడు నేను కొత్త మాస్తర్ని. కిన్వట్ తాలూకాలో అడవి అంచునున్న ఒక పల్లెలో నౌకరీ. ఊరి పేరు చెప్పను. తరగతిలో సగానికి పైగా గోండు పిల్లలు. ఒకనాటి మధ్యాహ్నం ఏడేళ్ల కుర్రవాడు లేచి "ఏర్" అన్నాడు. ఏటికి పోతానంటున్నాడు కాబోలనుకున్నాను. కూర్చోమన్నాను. కాసేపాగి మళ్లీ లేచి "ఏర్" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "మరాఠీత్ బోల్" అని గద్దించి అరచేతి మీద బెత్తంతో ఒక్కటిచ్చాను. వెనుక బెంచీ నుంచి ఒక పెద్దపిల్ల భయం భయంగా చెప్పింది, "గురుజీ, వాడు పాణీ అడుగుతున్నాడు" అని. నీళ్ల కుండ నా కుర్చీ పక్కనే ఉంది. మర్నాటి నుంచి ఆ పిల్లవాడు బడికి రాలేదు. నేనూ పిలవడానికి పోలేదు.

గోండీలో ఏర్ అంటే నీళ్లు. మన తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. గోండీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలో దగ్గరి చుట్టాలని భాషావేత్తలు చెబుతారు. వాళ్ల లెక్క వింటే మనకే తెలుస్తుంది: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. ఇంట్లో తెలుగు మాట్లాడే నాకు ఆ పిల్లవాడి మాట సగం తెలిసిన మాటే. అయినా మరాఠీలో చెప్పలేదని కొట్టాను.

ఆ తప్పు నన్ను వదలలేదు. సెలవుల్లో దొరికిన పుస్తకాలు, మనుషుల ద్వారా గోండుల సంగతులు తెలుసుకోవడం మొదలుపెట్టాను. అలా మార్లవాయి బడి చరిత్ర తెలిసింది.

ఈనాటి పాఠకులకు పాత హద్దులు కొంచెం గుర్తుచేయాలి. 1956 దాకా మన ప్రాంతమంతా హైదరాబాద్ రాజ్యం. నాందేడ్ ఒక జిల్లా, ఆదిలాబాద్ ఒక జిల్లా. కిన్వట్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోది. బాసర సరస్వతి గుడి ఉన్న ముధోల్ ప్రాంతం నాందేడ్ జిల్లాలోది. మా నాయన ఆ రోజుల్లో కచేరీలో గుమాస్తా. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కచేరీలో ఉర్దూ ఆయనకు మామూలే. సర్కారు కొలువు కావాలన్నా, పై చదువు చదవాలన్నా ఉర్దూ రావాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూయే. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న రాజ్యంలో ఆ మూడూ ఇంటి భాషలుగానే ఉండిపోయాయి. ఇక గోండీ, కోలామీలను లెక్కలోకి తీసుకున్న వారెవరు?

1940లో జోడేఘాట్ కొండల్లో తుపాకులు పేలాయి. అడవి భూముల కోసం నిలబడిన కుమ్రం భీము నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవాలని సర్కారుకు అప్పుడు తోచింది. ఆ పనికి దొరికిన మనిషి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నందువల్ల ఆయన చేతికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. 1939లో యుద్ధం మొదలయ్యే నాటికి ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వారి దృష్టిలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లరాదని కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే ఆయన, భార్య బెట్టీ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య బతికారు. మార్లవాయి అనే గోండు పల్లెలో కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు. భూములు ఎలా చేజారుతున్నాయో, అటవీ సిబ్బంది ఏం చేస్తున్నారో, వడ్డీ వ్యాపారి ఏం చేస్తున్నాడో సర్కారుకు నివేదించారు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి గోండుల్లో చదువు వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. కాస్తో కూస్తో అక్షరం తెలిసిన యువకులను ఏరి తెచ్చి పంతుళ్లుగా తయారుచేశారు. గోండీలోనే వాచకాలు రాయించారు. ఆదిలాబాద్ గోండులకు మరాఠీతో పూర్వం నుంచీ పరిచయం ఉంది కనుక ఆ వాచకాలకు నాగరి లిపి వాడారు. తన మాట తన పంతులు నోట విని, తన మాటనే పలక మీద చూసుకున్న పిల్లవాడికి బడి అంటే బెరుకు ఎందుకుంటుంది? శిక్షణ పొందినవాళ్లు తమ పల్లెలకు పోయి బళ్లు నడిపారు.

ఇందులో ఎంతమంది చేయి ఉందో చూడండి. ఆస్ట్రియావాడొకడు. నిజాం కొలువులో రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న గ్రిగ్సన్ ఇంగ్లీషువాడు. అంతకుముందే బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. యుద్ధంలో ఇద్దరి దేశాలూ ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకుంటున్నాయి. ఇక్కడ మాత్రం ఒకే పని మీద ఉన్నారు. మరొకరు మన పొరుగువారే. నిలంగాలో పుట్టిన సేతుమాధవరావు పగడి. మరాఠీ పాఠకులు ఆయనను శివాజీ చరిత్ర రాసిన పండితుడిగా ఎరుగుదురు. హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారిగా ఆదిలాబాద్ గిరిజనుల మధ్య పనిచేసి, వాళ్ల భాషలు నేర్చి, గోండుల మీద పుస్తకమూ, కోలామీ భాషకు వ్యాకరణమూ రాశారు. వీరందరికంటే ముందు చెప్పవలసినవాళ్లు పలక బలపం పట్టుకుని పల్లెపల్లెకూ పోయిన గోండు పంతుళ్లు. వాళ్ల పేర్లు మన పుస్తకాలకు ఎక్కలేదు.

దీన్ని స్వర్గంగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. తుపాకీ పేల్చిన సర్కారే బడి కూడా పెట్టింది. మళ్లీ తిరుగుబాటు రాకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. గోండీతో మొదలైన చదువు కొలువు దాకా పోవాలంటే ఉర్దూ గడప దాటక తప్పదు. అయినా అక్షరంతో పాటు భూమి కూడా ఇచ్చారన్నది నిజం. 1949 నాటికి జిల్లాలో గిరిజనులకు లక్ష ఎకరాలకు పైగా భూమి పట్టా అయింది. చదువు ఒక హక్కు, నేల ఒక హక్కు, రెండూ విడివిడిగా నిలవవని ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

తేదీలు గమనించండి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన 1948 డిసెంబరు 10న వచ్చింది. పిల్లవాడికి చదువు చెప్పడానికి మాతృభాషే మేలైన సాధనమని యునెస్కో నిపుణులు పుస్తకం ప్రచురించింది 1953లో. ఆదివాసుల పిల్లలకు మాతృభాషలో చదవడం, రాయడం నేర్పాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడిక 1957 నాటిది. దాన్ని భారతదేశం 1958లో ఆమోదించింది. మానవ హక్కుల గురించి, ఇతర సంస్కృతుల గురించి బళ్లో ఎలా బోధించాలో దేశదేశాల విద్యావేత్తలు కలిసి రూపొందించిన యునెస్కో సిఫార్సు 1974లో వచ్చింది, 2023లో కొత్త రూపు దిద్దుకుంది. ఇవన్నీ రాకముందే మనకు రైలు దూరంలో ఉన్న ఒక పల్లెలో ఆ పని జరిగింది.

మరి ఆ వాచకాలు ఏమయ్యాయి? మనకు చేదుగా ఉండే సంగతి ఇక్కడే ఉంది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాజ్యం ముక్కలైంది. భాషను బట్టి గీత గీశారు. ముధోల్ అటు పోయింది, కిన్వట్ ఇటు వచ్చింది. "పడుకున్నప్పుడు ఒక జిల్లా, లేచినప్పుడు ఒక జిల్లా" అని మా నాయన నవ్వుతూ చెప్పేవాడు. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం వచ్చింది, మరాఠీలకు కొన్నాళ్లకు ఒకటి వచ్చింది. గోండులకు గీత మాత్రమే మిగిలింది. ఒకే గోత్రం, ఒకే పండుగ, ఒకే భాష గల పిల్లలు ఉట్నూరు వైపు తెలుగులో, కిన్వట్ వైపు మరాఠీలో చదవాల్సి వచ్చింది. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు ఉత్తరం రాసుకోవాలంటే ఏ లిపిలో రాయాలి?

ఉర్దూ కింద నలిగామని చెప్పుకున్న మనమే, మనకు రాష్ట్రం రాగానే గోండీని పక్కకు నెట్టి తెలుగు పలక పెట్టాం. ఇటు నేను చేసిందీ అదే. నా చేతిలో మరాఠీ పలక ఉంది, అంతే తేడా. ఇక్కడ మన తెలుగుకు బళ్లో చోటు లేదని బాధపడుతూ, నా తరగతిలో గోండీకి చోటు లేకుండా చేసింది నేనే. అది లిపిలేని భాష అని మాలో మేము తీసిపారేసేవాళ్లం. తర్వాతి రోజుల్లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీ లిపిలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకులు పూనుకుని వాటిని లోకానికి చూపించారు. 2018లో ఆ లిపి కంప్యూటర్ల యూనికోడ్‌లో కూడా చేరింది. లిపి లేదన్న మా మాట ఉత్త అజ్ఞానమని తేలిపోయింది.

బెట్టీ హైమెన్‌డార్ఫ్ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో కుమారుడు చితాభస్మం తెచ్చి ఆమె పక్కన ఉంచాడు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలచుకుంటారు. నేను ఒకసారి వెళ్లాను. సమాధుల దగ్గర ఒక ముసలాయన కనిపించి, "ఏ ఊరు మీది?" అని తెలుగులో అడిగాడు. కిన్వట్ దిక్కు అన్నాను. వెంటనే మరాఠీలోకి మారి, తన చెల్లెల్ని ఆ తాలూకాలోనే ఇచ్చామని చెప్పాడు. పక్కనున్న మనుమరాలితో గోండీలో ఏదో అన్నాడు. ఆ పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు నాకు గొంతు దిగడం కష్టమైంది.

అర్జీ దగ్గరకు వద్దాం. మూడవ పేరా కింద ఒక వాక్యం చేర్చాను. మన తెలుగు పిల్లలకు అడుగుతున్న సౌకర్యమే జిల్లాలోని గోండు, కోలాం పిల్లలకు వాళ్ల భాషల్లో కల్పించాలని కూడా మేము కోరుతున్నాం - అంతే. మరుసటి ఆదివారం చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమనిషి అన్నాడు, "గురుజీ, మన గోస మనకు చాలదా? వాళ్లకు వాళ్ల సంఘాలున్నయి." ఇంకొకాయన, "అర్జీ బరువైతే సాహెబు పక్కన పెడ్తడు. ముందు మనది కానీయుండ్రి" అన్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇరవై ఏళ్లుగా కచేరీల చుట్టూ తిరిగి అలసిన వాళ్లు. నేను నా పాత కథ, ఆ "ఏర్" కథ చెప్పాను. అది విన్న ఒక తమ్ముడు మాత్రం మెల్లగా, "మా ఇంట్ల పిల్లగాడు తెలుగుల మాట్లాడితే బళ్లో నవ్వుతున్నరట" అన్నాడు. సభ ఏ నిర్ణయమూ లేకుండా ముగిసింది.

మన రాష్ట్రంలోనే గడ్చిరోలి జిల్లా మోహ్‌గావ్ గ్రామసభ 2019లో గోండీలో చదువు చెప్పే బడి సొంతంగా పెట్టుకుంది. అర్జీ పెట్టి ఎదురుచూడకుండా ఆ ఊరివాళ్లు పలక చేతికి తీసుకున్నారు. వాళ్లను చూసి మనం నేర్చుకోవలసింది ఉంది.

హక్కు అనేది మన వాటాకు సరిపడా కోసుకునే బట్ట కాదని నా నమ్మకం. మనకు ఉన్నదీ పక్కవాడికి లేనిదీ అయితే దాన్ని హక్కు అనడానికి లేదు, పలుకుబడి అనాలి. పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర మన తెలుగు ఇక్కడ ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటుంది. మార్లవాయి బడి నాకు నేర్పిన పాఠం ఇదొక్కటే.

అర్జీ ఇంకా నా బల్ల మీదనే ఉంది. ఆ వాక్యం కొట్టేయలేదు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ కూర్చోబోతున్నాం. షోలాపూర్‌లో, బళ్లారిలో, ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగు పాఠకులు కూడా తమ ఊళ్లలో తమకంటే చిన్న గొంతుల గురించి ఒకసారి ఆలోచించి, ఆ వాక్యం ఉంచాలో తీసేయాలో నాకు ఒక కార్డు ముక్క రాస్తే సభలో చదివి వినిపిస్తాను.