దివాణం నీడలో నాటకకర్త

పానుగంటి లక్ష్మీనరసింహారావు అనగానే తెలుగువాడికి ‘సాక్షి’ వ్యాసాలు గుర్తొస్తాయి. సమకాలికులు మాత్రం ఆయన్ని ‘ఆంధ్ర షేక్స్‌పియర్’ అన్నారు. ఆ బిరుదు నాటకాలు చూసి ఇచ్చింది. ‘పాదుకా పట్టాభిషేకం’, ‘రాధాకృష్ణ’, ‘కంఠాభరణం’, ‘ప్రచండ చాణక్యం’ ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారు?

తెలుగు నాటకం తొలిరోజుల్లో రాజాశ్రయం కొండంత అండ. విజయనగరంలో మహారాజా ఆనంద గజపతి ఆడపిల్లల్ని అమ్మి చేసే పెళ్ళిళ్ళ లెక్క తీయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయి. ఆ వాతావరణంలో పుట్టిన గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడే రంగస్థలమెక్కింది. 1897లో అచ్చయి మహారాజుకే అంకితమైంది. అంటే ప్రభువు ఖర్చు భరించడమే కాదు, ఒక్కోసారి కవికి ఇతివృత్తం కూడా చూపించేవాడు.

పానుగంటి 1865లో రాజమండ్రి దగ్గర సీతానగరంలో పుట్టారు. పెద్దాపురం ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత లక్ష్మీనరసాపురం, ఉర్లాం, ఆనెగొంది సంస్థానాల్లో దివానుగిరీ చేశారు. శిస్తులూ వ్యాజ్యాలూ చూసుకుంటూనే కలం పట్టిన మనిషి ఆయన. చివరికి పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ పిలిచి ఆస్థాన కవిని చేశారు. 1885లో పుట్టిన ఆ ప్రభువు కవికంటే ఇరవై ఏళ్ళు చిన్న. ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి జంటను ఆదరించిందీ, సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పెట్టిందీ ఆయనే.

ఇలాంటి బతుకులు ఇంగ్లండులోనూ ఉన్నాయి. స్కాట్లాండులో పుట్టిన కవి, నాటకకర్త డేవిడ్ మాలెట్ కూడా మొదట దొరబిడ్డలకు పాఠాలు చెప్పాడు. జేమ్స్ థామ్సన్‌తో కలిసి రాసిన ‘ఆల్ఫ్రెడ్’ను 1740లో యువరాజు ఫ్రెడరిక్ విడిదిలో ఆడారు. రెండేళ్ళకు ఆ కొలువులోనే ఉపకార్యదర్శి పదవి దక్కింది. మార్ల్‌బరో ప్రభువు చరిత్ర రాయమని డచెస్ వీలునామాలో సొమ్ము రాసిపెడితే, తీసుకున్నాడు గాని పుస్తకం రాయలేదు.

పానుగంటికి ఆ అపకీర్తి అంటదు. కొలువు ఇచ్చిన తీరికను ఆయన రాతకే వాడారు. తీరికతో పాటు నిడివీ వచ్చింది. ఆయన పాత్రలు మాట్లాడడం మొదలుపెడితే ఓపట్టాన ఆగవు.

ఆ వాగ్ధారకు సరైన చోటు పత్రికలో దొరికింది. 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలైన ‘సాక్షి’ 1920 తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికలో సాగింది. జమీందారు ఆస్థాన కవి వ్యాసాలను జాతీయోద్యమ పత్రిక వారం వారం అచ్చేసింది! ఆంగ్ల రచయిత అడిసన్ ‘స్పెక్టేటర్’ను చూసి ఈ వ్యాసాల్లో అల్లిన సాక్షి సంఘంలో కాలాచార్యుడు, వాణీదాసుడు, బొర్రయ్య సెట్టి ఉన్నా, సభ జంఘాలశాస్త్రిదే. ఆయన ఉపన్యాసం ఎత్తుకుంటే అది అచ్చంగా నాటకంలోని సుదీర్ఘ స్వగతమే. నటుడూ తెరా లేవు, అంతే తేడా. రంగస్థలం మీద బరువైన మాట, కాగితం మీద బలమైంది.

పానుగంటి 1940లో కన్నుమూశారు. మరో పదేళ్ళకు జమీందారీలు రద్దయ్యాయి, ఆస్థాన కవి పదవి వాటితోనే పోయింది. ‘సాక్షి’ సంపుటాలు నేటికీ అచ్చవుతున్నాయి. ఆ ధోరణి ఎక్కడ అలవడిందో తెలియాలంటే మాత్రం ఆయన నాటకాలు చదవాలి. ‘కంఠాభరణం’తో మొదలుపెడితే నవ్వుకుంటూ చదవొచ్చు.