ఫ్రాంకుఫర్టు వెండి నాణెము

1796వ సంవత్సరము జూలైలో ఫ్రెంచి సేనలు జర్మను సామ్రాజ్యమందలి స్వతంత్ర నగరమగు ఫ్రాంకుఫర్టుపై ఫిరంగిగుండ్లు గురిపించి, దానిని వశపఱచుకొని, అపారధనమును కప్పముగా గోరెను. అందులకై చర్చీలలోని వెండిపాత్రలను, పౌరుల గృహములలోని పాత్రలను గరగించి టాలరు నాణెములు ముద్రించిరి. చర్చీల యొక్కయు, పౌరుల యొక్కయు పాత్రలనుండి యని వానిమీద వ్రాతయు నున్నది. ఆ పౌరుల త్యాగమును మేము తక్కువ చేయము. కాని యా వ్రాతలో యూదుల పేరు లేదు. 1462 మొదలు అదే నగరమున గోడల నడుమ నొక్క వీథిలోనే నివసింపవలసిన వారికి పౌరత్వము లేదు. ఆ గుండ్లవలన వారి వీథిలో పెద్దభాగము దగ్ధమైన పిదపగాని వారిని వెలుపల నివసింపనీయలేదు. సంపూర్ణ సమానహక్కులు 1864లోగాని స్థిరపడలేదు. ఏ నాణెమును జేతబట్టినను, దానిపై నెవరి పేరున్నదో చదువుటతో దనియక, ఎవరి పేరు లేదో కూడ మన మడుగవలెను.