ఒకటీ సున్నా, సున్నా ఒకటీ

మా చిన్నతాతయ్య ఇంటి వీధిగుమ్మం పక్కన గోడలో పాలరాతి పలక వొకటి వుండేది. పైన ఆయన పేరు, దాని కింద ‘నాయబ్ సుబేదార్’, దాని కింద ‘1-1-1975’. ఎవరైనా గుమ్మం దగ్గర ఇల్లు కట్టిన సంవత్సరం వేయించుకుంటారు కదా, అందుకని కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ ఇల్లు 1975లో కట్టారనుకునేవారు. “ఇల్లు మా నాన్న కట్టాడండీ. ఇది నేను సంపాయించుకున్నది” అనేవాడు తాతయ్య, చేత్తో భుజం తడుముకుంటూ. ఆ భుజం మీద వొకప్పుడు నక్షత్రం వుండేది మరి.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మన జిల్లాల్లో అందరూ దాన్ని ‘మిలటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ పిల్లాడు పుడితే ఏం చదివిస్తారని అడగరు, ఏ రెజిమెంటని అడుగుతారని వేళాకోళం. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళక్కూడా సోకింది. మా తాతయ్య పదిహేడో యేట పొలం గట్టు మీంచి తిన్నగా సైన్యంలోకి వెళ్ళిపోయింది ఆ గాలికే.

ఇంతకీ ఆ పలక వెనక కథేమిటంటే, ఆయన ప్రమోషను తారీకు సర్వీసు పుస్తకంలో వొకలాగా, పెన్షను కాగితంలో ఇంకోలాగా పడింది. ఒకటో తారీకు, ఒకటో నెల. ఎవరో గుమాస్తా పాపం, టైపు మిషను మీద ‘01’ కొట్టాల్సిన చోట ‘10’ కొట్టాడు. జనవరి కాస్తా అక్టోబరయింది. తొమ్మిది నెలలేగా అనుకుంటాం. కానీ ఆయన 1976 జూను ఆఖర్న రిటైరయ్యాడు. ఆ రోజుల్లో లెక్కేమిటంటే, ఆఖరి పది నెలలూ ఏ హోదాలో వుంటే ఆ హోదాకి తగ్గ పెన్షను. జనవరి నించి లెక్కేస్తే పద్దెనిమిది నెలలు. అక్టోబరు నించి లెక్కేస్తే తొమ్మిది. ఒక్క నెల తక్కువ. అంచేత నాయబ్ సుబేదారుగా ఇంటికొచ్చిన మనిషికి హవల్దారు పెన్షను రాసిచ్చారు.

ఆయనకి బాధ డబ్బు గురించి కాదు. డబ్బు గురించి బాధపడ్డది మా చిన్నమ్మమ్మ. ఆయన బాధంతా ఆ తొమ్మిది నెలల గురించే. “ఆ తొమ్మిది నెలలూ నేను జెండాకి సెల్యూట్ కొట్టాను, నాకు నలభై మంది సెల్యూట్ కొట్టారు. అదంతా జరగలేదనే కదా దీనర్థం?” అనేవాడు.

కాలేజీలో చేరిన కొత్తలో ఈయనకి అర్జీలు రాసిపెట్టే పని నా మెడకి చుట్టుకుంది. అప్పట్లో నాకిది ముసలాయన చాదస్తంగానే కనిపించింది. ఆ తరవాత చరిత్ర పుస్తకాలు నాలుగు తిరగేస్తే తెలిసింది, ప్రపంచంలో ఈ చాదస్తం పట్టుకున్నది మా చిన్నతాతయ్య వొక్కణ్ణే కాదని.

సైన్యంలో హోదా వేరు, ఆ హోదా వచ్చిన తేదీ వేరు. ఇద్దరు మేజర్లు ఎదురుపడితే వాళ్ళలో పెద్ద ఎవరు? ముందు మేజరయినవాడు. మన ఇళ్ళల్లో తోడికోడళ్ళ లాగే ననుకోండి. పెద్దకోడలికి పద్దెనిమిదేళ్ళూ చిన్నకోడలికి ఇరవై రెండేళ్ళూ వుండొచ్చు. అయినా శుభకార్యంలో మొదటి తాంబూలం పెద్దకోడలికే. వయసుతో పనిలేదు, వరసే. సైన్యంలో ఆ వరస తేదీల్లో వుంటుంది. ఎవరికి పటాలం అప్పగించాలి, ఎవర్ని పైకి పంపాలి, ఎవర్ని ఇంటికి పంపాలి, అన్నీ ఆ తేదీని చూసే. అది వొక్క యేడు జరిగితే వెనకాల వున్న జీవితమంతా పక్కకి జరుగుతుంది.

(అన్నట్టు, తేదీల విషయంలో మనమూ తక్కువవాళ్ళం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట జనరల్ కాటన్ కట్టించాడని అలవాటుగా అనేస్తాం. ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన జనరల్ అయింది 1876లో. ఇరవై నాలుగేళ్ళ ముందే మనం ఆయనకి ప్రమోషను ఇచ్చేశాం! గోదావరి వాళ్ళ అభిమానం అలాంటిది మరి. ఏ రికార్డు ఆఫీసూ అభ్యంతరం చెప్పలేదు.)

మన దేశంలో ఇటీవల అందరికీ తెలిసిన తేదీ గొడవ జనరల్ వి.కె. సింగ్‌ది. ఆయనది ప్రమోషను తేదీ కాదు, పుట్టిన తేదీ. మెట్రిక్ సర్టిఫికెట్లో 1951 మే 10. కుర్రవాడిగా వున్నప్పుడు డిఫెన్సు అకాడమీకి పెట్టిన దరఖాస్తులో 1950 మే 10. సైన్యం ప్రధాన కార్యాలయంలో వొక శాఖ మొదటి తేదీనీ ఇంకో శాఖ రెండో తేదీనీ పట్టుకుని నలభై యేళ్ళు నిక్షేపంగా కాపరం చేశాయి. ఆయన సైన్యాధిపతి అయ్యాక ఆ యేడాది తేడా బయటపడి రచ్చకెక్కింది. ఎందుకంటే 1951 అయితే ఇంకో పది నెలలు పదవిలో వుండొచ్చు. పదవిలో వున్న సైన్యాధిపతి ప్రభుత్వం మీద సుప్రీం కోర్టు కెక్కడం 2012లో జరిగింది. మధ్యలో ప్రమోషన్లు తీసుకునేటప్పుడు 1950నే వొప్పుకుంటూ ఉత్తరాలు రాసిచ్చారుగదా అన్నారు అవతలివాళ్ళు. ఫిబ్రవరి 10న ఆయన పిటిషను వెనక్కి తీసుకున్నాడు. మే 31న రిటైరయిపోయాడు. అంత పెద్దాయనకే దిద్దుబాటు జరగలేదు, మనమెంత అని మా వాళ్ళు పేపరు చదివి చెప్పుకున్నారు.

కానీ ఈ విషయంలో నా మనసుని పట్టుకున్నవాడు ఫ్రాన్సు దేశపు ఆల్ఫ్రెడ్ డ్రైఫస్. ఆయన్ని అన్యాయంగా జైల్లో పెట్టారని, నవలాకారుడు జోలా 1898లో ఆయన కోసం పత్రికలో బహిరంగ లేఖ రాశాడని చాలామందికి తెలుసు. తరవాత నిర్దోషి అని తేలింది, కథ సుఖాంతం అనుకుని పుస్తకం మూసేస్తాం. నేనూ అలాగే మూసేశాను చాలాకాలం.

డ్రైఫస్ ఫిరంగి దళంలో కెప్టెన్. యూదుడు. 1894లో జర్మనీకి రహస్యాలు అమ్మాడని ఆయన మీద నేరం మోపారు. 1895 జనవరి 5న పారిస్‌లో సైనిక పాఠశాల ఆవరణలో అందరి ముందూ నిలబెట్టి యూనిఫారం మీది గుర్తులు పీకేశారు, కత్తి విరిచేశారు. దక్షిణ అమెరికా తీరంలో దయ్యాల దీవి అనే చిన్న రాతి ద్వీపానికి పంపేశారు. నాలుగేళ్ళ పైన అక్కడే. ఆయన భార్య లూసీ తానూ వెళ్ళి ఆ దీవిలో వుంటానని అర్జీలు పెట్టుకుంది, ఒప్పుకోలేదు. కొంతకాలం ఆవిడ రాసిన ఉత్తరాలు అసలువి ఇవ్వకుండా, ఎవరో గుమాస్తా చేత్తో ఎత్తిరాసిన నకళ్ళు ఇచ్చేవారట. భార్య అక్షరాలు కూడా చూడనివ్వకపోవడం! శిక్షలు కనిపెట్టడంలో కచేరీల తెలివి చూస్తే వొళ్ళు జలదరిస్తుంది.

అసలు దొంగ వేరే ఆఫీసరని 1896లో కనుక్కున్నవాడు పికార్ అనే లెఫ్టినెంట్ కల్నల్. నిజం కనుక్కున్నందుకు ఆయన్ని ట్యునీషియా పంపారు, తరవాత జైల్లో పెట్టారు, సైన్యంలోంచి తీసేశారు. చివరికి 1906 జూలై 12న దేశంలో అత్యున్నత న్యాయస్థానం డ్రైఫస్ నిర్దోషి అంది. మర్నాడే పార్లమెంటు ఇద్దర్నీ సైన్యంలోకి వెనక్కి తీసుకుంటూ చట్టాలు చేసింది. ఇక్కడే వుంది అసలు ముడి.

పికార్‌ని బ్రిగేడియర్ జనరల్‌ని చేశారు. ఆ హోదా మూడేళ్ళ వెనక, అంటే 1903 జూలై నించి వచ్చినట్టు లెక్క కట్టారు. డ్రైఫస్‌ని మేజర్‌ని చేశారు. ఆ హోదా మాత్రం చట్టం అమల్లోకి వచ్చిన రోజు నించే. ఒకే రోజు, ఒకే సభ, ఒకే కలం. ఒకాయన పోగొట్టుకున్న కాలాన్ని తిరిగిచ్చారు, రెండో ఆయనకి ఇవ్వలేదు. 1889లోనే కెప్టెన్ అయినవాడు, గొలుసులతో మంచానికి కట్టేసిన రోజులు కూడా సర్వీసే కదా అని అడగాలి. ఆ సంవత్సరాలు లెక్కలోకి రాకపోయేసరికి ఆయన వెనకాల వచ్చినవాళ్ళంతా ఆయనకి పై అధికార్లయి కూర్చున్నారు. నలభై ఆరేళ్ళ మనిషి, కొత్త మేజర్ల వరసలో అందరికన్నా ఆఖర్న నిలబడ్డాడు. ఇహ జనరల్ అయ్యే ప్రసక్తి లేదు.

ఆ సంవత్సరమే అక్టోబరులో క్లెమాన్సో ప్రధాని అయ్యాడు. యుద్ధమంత్రి ఎవరనుకున్నారు? పికారే! ఆయన మాట మీద వొక తేదీ మారిపోతుంది. డ్రైఫస్ వెళ్ళి అడిగాడు. కుదరదన్నాడు పికార్. నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా పుస్తకం పక్కన పెట్టేయాలనిపిస్తుంది. ఇతని కోసం జైలుకి వెళ్ళినవాడు ఇతని కోసం వొక కాగితం దిద్దలేకపోయాడు. ప్రాణాలొడ్డే ధైర్యం వేరు, మంత్రి కుర్చీలో కూర్చుని పాత గొడవ మళ్ళీ లేవదీసే ధైర్యం వేరు కాబోలు. పికార్‌ని తిట్టుకోవాలని వుంటుంది, తిట్టుకోలేను.

డ్రైఫస్ 1907లో స్వచ్ఛందంగా రిటైరయ్యాడు. ఆ రోజుల గురించి ఆయన రాసుకున్న పుస్తకాలు 1998లో అచ్చయ్యాయి. 1914లో యుద్ధం వస్తే అదే సైన్యంలో మళ్ళీ చేరాడు. 1918లో రిజర్వు దళంలో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. 1935లో చనిపోయాడు. ఏ రోజున? జూలై 12న. నిర్దోషి అని తీర్పు వచ్చిన తేదీకి సరిగ్గా ఇరవై తొమ్మిదేళ్ళు. తేదీలు కూడా వొక్కోసారి వేళాకోళం ఆడతాయి.

2025 జూనులో ఫ్రెంచి జాతీయసభ ఏకగ్రీవంగా ఓటేసి ఆయన్ని బ్రిగేడియర్ జనరల్‌ని చేయాలంది. నవంబరులో అది చట్టమయింది. మనిషి పోయి తొంభయ్యేళ్ళు. మా కాలేజీ పిల్ల వొకామె ఈ వార్త చూసి “ఇప్పుడు ఎవరికండీ ఉపయోగం?” అంది. నాకు మా గుమ్మం పక్క పాలరాతి పలక గుర్తొచ్చింది కానీ ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు.

ఫ్రాన్సు దాకా ఎందుకు, మన ఇంటి సంగతి చూద్దాం. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో చేరిన అధికార్ల హోదాలు ఏ పుస్తకంలోకి ఎక్కాయి? ఎర్రకోటలో 1945 ఆఖర్న షానవాజ్ ఖాన్, సెహగల్, థిల్లాన్ల మీద విచారణ జరిగింది. ద్వీపాంతర శిక్ష వేశారు. దేశమంతా గగ్గోలెత్తేసరికి 1946 జనవరి 3న ఆకిన్‌లెక్ ద్వీపాంతరం రద్దు చేశాడు. ఉద్యోగంలోంచి తొలగింపు, జీతం బకాయిల జప్తు మాత్రం రద్దు చేయలేదు. జైలు మాఫీ, జీతం కాదు! స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఫౌజువాళ్ళని సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షను పెట్టాకగానీ చాలామందికి వొక దోవ దొరకలేదు. అదైనా సైనికుడి పెన్షను కాదు, సమరయోధుడి పెన్షను. రెండూ వొకటి కావు, అడగండి మా చిన్నతాతయ్య లాంటివాళ్ళని.

ఆ ఫౌజులో మన గోదావరి జిల్లా డాక్టరుగారు వొకాయన వుండేవారు, పోడూరు వాస్తవ్యులు, దాట్ల సత్యనారాయణరాజు గారు. నేతాజీకి స్వయంగా వైద్యం చూసినవారు. కల్నల్ డి.ఎస్. రాజు గారంటే పాతతరం రాజమండ్రిలో అందరికీ తెలుసు. ఆ ఊరినించి 1957, 1962, 1967 ఎన్నికల్లో లోక్‌సభకి గెలిచారు. 1960ల్లో కేంద్రంలో రక్షణశాఖ ఉపమంత్రిగా చేశారు. చూశారా విడ్డూరం! ఏ ఫౌజు హోదాల్ని రక్షణశాఖ రికార్డులు లెక్కలోకి తీసుకోలేదో, ఆ ఫౌజు కల్నల్ వచ్చి అదే రక్షణశాఖలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జనం ఆయన్ని ‘కల్నల్ గారూ’ అనే పిలిచారు. ఏ తేదీ నించి కల్నల్ అని ఎవరూ అడగలేదు.

మా చిన్నతాతయ్య అర్జీల మాట చెప్పకుండా వదిలేస్తే మీరూరుకోరు. ప్రతి అర్జీకీ జవాబు వచ్చేది, అది పోనీ మెచ్చుకోవాలి. ‘మీ ఉత్తరం పరిశీలనలో వున్నది’ అని. ఒకసారి సర్వీసు పుస్తకం నకలు పంపమన్నారు. పంపితే, నకలు మీద నంబరు కనిపించటల్లేదన్నారు. ఒకసారి బతికే వున్నట్టు సర్టిఫికెట్ పంపమన్నారు. ఆయన కోపమొచ్చి ఉత్తరం అడుగున తెలుగులో ‘నేను బతికే వున్నాను, సంతకం నాదే’ అని రాసేశాడు. కాగితం మీద ఎన్నాళ్ళకీ దిద్దరని రూఢి చేసుకునే, నేను పుట్టకముందెప్పుడో, ఆ పాలరాతి పలక చెక్కించి గోడలో పెట్టించాడని ఆ అర్జీలు రాసే రోజుల్లోనే మా చిన్నమ్మమ్మ నాకు చెప్పింది.

2003 వేసంకాలంలో ఉత్తరం వచ్చింది. నేను సెలవలకి అక్కడే వున్నాను. మధ్యాహ్నం భోజనాలయి ఆయన మడతమంచం మీద వాలాడు. అంత పెద్ద ఇంగ్లీషు ఉత్తరంలో నేను మొదటి పేరా చదువుతుంటే లేచి కూచున్నాడు.

“తారీకు చదువమ్మా.”

చదివాను.

“మళ్ళీ చదువు. అంకెలు వేరువేరుగా చదువు.”

“సున్నా ఒకటి, సున్నా ఒకటి, పందొమ్మిది వందల డెబ్బై అయిదు.”

“సున్నా ముందే వుందా?”

“ముందే వుంది తాతయ్యా.”

వంటింట్లోంచి మా చిన్నమ్మమ్మ “ఎంతిస్తారంట?” అని కేకేసింది. బకాయి సంగతి రెండో పేరాలో వుంది. నేను కాగితం తిప్పేలోగా ఆయన కండువా నూతి దగ్గర తడిపి పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు, పలక తుడవటానికి.