దేహమునందలి నీరుగంటి



అనంతపురము సీమలో పుట్టినవారికి నీటి విలువను గూర్చి మఱియొకరు చెప్పనక్కఱలేదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన; అదియు వచ్చిననాడు వచ్చినట్లు, రాని యేడు లేనట్లు. కనుకనే మన పూర్వులు చెరువును నమ్ముకొని బ్రదికిరి. ఈ పట్టణమునకు పేరు తెచ్చిన అనంతసాగరమును బుక్కరాయల కాలమున చిక్కప్ప ఒడయరు కట్టించెనని ప్రతీతి. పొరుగున కడపసీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. మంచి చెరువున కుండవలసిన పండ్రెండు అంగములును, దానిని చెఱచు ఆరు దోషములును అందు లెక్కింపబడినవి. కట్టను, తూమును, మరువను కనిపెట్టుకొనియుండి, ఏ మడికి ఎంత నీరు విడువవలయునో తెలిసి విడుచువానిని మనము నీరుగంటి యందుము.

నేడు నేను చెప్పబోవునది మఱియొక నీరుగంటిని గూర్చి. అతడు మనయందఱి నడుములోను ఉన్నాడు. అతనిని మనుష్యుడు గుర్తించుటకు ఎన్ని వందల ఏండ్లు పట్టినదో, గుర్తించియు మనమతనికి చేయుచున్న అపచార మెట్టిదో విన్నవించెదను.

మా తండ్రిగారు వేరుసెనగ రైతు. కాయలు పెఱుకు కాలమున ప్రొద్దు పొడువక మునుపే చేనికి పోయి, ఒక్క సొరబుఱ్ఱ నీటితో సాయంకాలము దాక గడపెడివారు. అందులోను సగము కూలివారికే పోయెడిది. తక్కువ నీళ్ళు త్రాగి ఎక్కువ పని చేయువాడే రైతని వారి గర్వము. మూత్రము ఎఱ్ఱబడి మంట పుట్టినపుడు, వేడి చేసినదని ఇంత మజ్జిగ పుచ్చుకొని మరల చేనికి పోయెడివారు. నడుములో పోటు వచ్చి మంచముపై పొరలినను, రెండు దినములకు తగ్గగనే మఱచెడివారు. నేను చదువుకొనిన కొడుకును. అయినను మఱియొక చెంబు త్రాగుడని ఒక్కనాడును చెప్పనైతిని. తుదకు పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి, రాళ్ళు దారి నడ్డగించి ఒక మూత్రపిండము పూర్తిగను, రెండవది సగమునకు పైగను చెడియుండెను. వారు గతించిన పిమ్మటనే నేనీ విషయమును చదువ నారంభించితిని.

ఈ రాతిజబ్బు మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో దీనికి అశ్మరి యని పేరు. అందు నాలుగు విధముల అశ్మరులు చెప్పబడినవి. మందులకు లొంగని రాతిని కోసి తీయు విధానము వర్ణింపబడినది. వైద్యుడు వ్రేళ్ళతో రాతిని ముందునకు త్రోసి, ఎడమప్రక్కన కోసి, దానిని బయటికి తీయవలయును. రవ్వంత ముక్క మిగిలినను అది మరల పెరుగునని హెచ్చరిక. కోయకున్న చావు నిశ్చయము, కోసినచో బ్రదుకు సందేహము. కావున ముందుగా ప్రభువున కెఱిగించి, అనుమతి గొని మఱి కోయుమని ఆచార్యుని ఆదేశము. మత్తుమందు లేని ఆ దినములలో ఎంతటి ధైర్యము, ఎంతటి జాగ్రత్త!

అయితే అంతటి శస్త్రజ్ఞుడును నీరుగంటిని గుర్తింపలేదు. క్రొత్త కుండను మూతిదాక నీట ముంచినచో, కంటికి కానరాని రంధ్రములగుండ నీరు ఊరి లోపల నిండును గదా. అట్లే సూక్ష్మమైన నాళములగుండ మూత్రము ఊరి మూత్రాశయమున నిండునని సుశ్రుతమతము. వృక్కములను పేరున మూత్రపిండములు మన వైద్యులకు తెలిసియే యున్నవి; కాని అవి మేదస్సునకు, అనగా క్రొవ్వునకు సంబంధించినవని వారు తలచిరి. ఇందు వారిని తప్పుపట్ట బనిలేదు. మేకను కోసినపుడు వెన్నుకు ఇరుప్రక్కల క్రొవ్వులో పొదిగియుండు అనపగింజల వంటి రెండు కాయలను మీరును చూచియుందురు. చూచినవారెవరైనను అట్లే తలచెదరు.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరమునందుండిన గాలెను అను వైద్యుడు దీనిని ప్రయోగముచేత తేల్చెను. బ్రదికియున్న జంతువునందు, మూత్రపిండమునుండి మూత్రాశయమునకు దిగు నాళములను అతడు దారముతో కట్టెను. కట్టినచోటికి పైన నాళముబ్బెను, క్రింద మూత్రాశయము వట్టిపోయెను. ముడి విప్పగనే నిండెను. ఏ కాలువ ఏ చెరువునుండి వచ్చుచున్నదో తెలియగోరిన రైతు చేయుపని ఇదియే గదా!

నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసినది. ఎట్లు వడియుచున్నదో తెలియుటకు ఇంకను పదునాలుగు నూర్లకు పైగా ఏండ్లు పట్టినది. 1666లో ఇటలీదేశస్థుడగు మాల్పీగీ సూక్ష్మదర్శినితో చూచి, మూత్రపిండమునందు చిన్న చిన్న గుండ్రని ముద్దలు ఉన్నవని వ్రాసెను. 1842లో ఆంగ్లవైద్యుడగు బౌమను, ఆ ముద్ద సన్నని రక్తనాళముల ఉండయనియు, దానిని చుట్టియున్న గిన్నెనుండి ఒక గొట్టము బయలుదేరుననియు చూపెను. 1924లో అమెరికాలో రిచర్డ్సు, వెర్ను అను ఇరువురు, కప్ప మూత్రపిండములోని ఆ గిన్నెనుండి సన్నని గాజుగొట్టముతో చుక్కను తీసి పరీక్షించి, అచ్చట జరుగునది వడపోతయే యని నిరూపించిరి. ఆ మఱుసటి యేడే, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విద్యాలయమున ఫిస్కెతో కూడి, రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మూత్రపిండములు చెడినపుడు రక్తమున నిలిచిపోవువానిలో భాస్వరమొకటి.

ఇక నీరుగంటి పనితనమును వినుడు. మూత్రపిండము మన పిడికిలి యంత. బరువు సుమారు 150 గ్రాములు. గుండె పంపు రక్తములో అయిదవ వంతు ఈ రెంటికే పోవును. ఒక్కొక్కదానియందు సుమారు పదిలక్షల వడపోత గొట్టములు కలవు. దినమునకు వానిలో వడియు నీరు 180 లీటర్లు. మనము విడుచునది లీటరున్నర. అనగా నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు మరల రక్తమునకే చేర్చబడుచున్నది. కాటకపు సీమలోని నీరుగంటియైనను ఇంత పొదుపరి కాడు! ఎండలో చెమట పోసి నీరు తగ్గగనే, మెదడు అడుగున నున్న చిన్న గ్రంథినుండి ఒక రసము రక్తమున దిగును. తూము బిగింపుమను ఆజ్ఞ యది. మూత్రపిండములు నీటిని మఱింత లాగికొనును. మూత్రము చిక్కబడి రంగు ముదురును.

కాని బిగించుటకును హద్దు కలదు. దినమునకు సుమారు అర లీటరు మూత్రమైనను విడువక తప్పదు. దేహమున పుట్టు మాలిన్యమును కరగించి కొనిపోవుటకు అంతకు తక్కువ నీరు చాలదు. ఆ హద్దు దగ్గఱనే యేండ్ల తరబడి బ్రదుకువానికి ఏమగును? నీరు ఇంకిన పొలమున చౌడు తేలుట మీరెఱుగుదురు. అట్లే చిక్కబడిన మూత్రమున లవణములు రవ్వలుగా తేలి, రవ్వకు రవ్వ చేరి రాయి యగును. అట్టి రాయి నాళమున దిగినపుడు పుట్టునదే ఆ నడుముపోటు. పోటు తగ్గినంతమాత్రమున రాయి పోయినదని తలపరాదు. దారికడ్డముగా నిలిచి, చప్పుడు లేకయే పైనున్న పిండమును చెఱుపవచ్చును. మా యింట జరిగినది ఇదియే. సగము చెడినను ఫిర్యాదు చేయని సేవకుడు మూత్రపిండము. అదియే దాని గుణము, అదియే మనకు ప్రమాదము.

నీరు తక్కువగుట యొక దోషము. నీటిలోని దోషము మఱియొకటి. 1937లో షార్టు, పండితు, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు, అప్పటి నెల్లూరుజిల్లా పొదిలి ప్రాంతమున పండ్లు గారపట్టి, వెన్ను బిగిసిపోవు రోగమునకు బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. మన సీమలోను చెరువులు పూడి, బోరుబావులు లోతైనకొలది, రాతిపొరలలోని ఫ్లోరైడు అనేక గ్రామముల నీట చేరినది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించినచో అది త్రాగదగదు, కాచినను పోదు. లోపల చేరిన ఫ్లోరైడును బయటికి నెట్టు భారము మరల మూత్రపిండములదే. అవి చెడినవాని యెముకలలో అది మఱింత పేరుకొనును. 1995-96లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకము ఏడువందలకు పైగా గ్రామములకు నీరు చేర్చినపుడు, అది దప్పికను తీర్చుట మాత్రమే కాదు, ఈ భారమును కొంత తగ్గించుటయు నైనది.

చెడిన పిండమునకు చికిత్సయు కలదు. 1943లో హాలెండుదేశమున కోల్ఫు అను వైద్యుడు రక్తమును బయట వడపోయు యంత్రమును నిర్మించెను. 1954లో బోస్టను నగరమున కవలసోదరులలో ఒకని పిండమును ఇంకొకనికి అమర్చిరి. 1971లో మన పొరుగున వేలూరునందును అట్టి చికిత్స ఫలించినది. కాని పదిలక్షల గొట్టములు రేయింబవళ్ళు చేయుపనిని, యంత్రము వారమునకు మూడుమాఱులు నాలుగేసి గంటలు చేసినను పూర్తిగా చేయజాలదు. ఆ మంచముపై మా తండ్రిగారిని చూచినవాడను గనుక చెప్పుచున్నాను.

పెద్దలారా! మీ మాట ఊరిలో చెల్లును. చేనికి పోవువారితో నీటికుండయు పోవునట్లు చూడుడు. మఱుగుదొడ్డి లేని యింట ఆడువారు చీకటి పడుదాక వెలుపలికి పోజాలక, నీరే మాని దినము గడపుదురు. ఆ బాధ వారు మనతో చెప్పరు, మనమే తెలిసికొనవలయును. మూత్రము ఎండుగడ్డివలె లేతపసుపుగా ఉన్నంతవరకు నీరు చాలినదని గుర్తు. ఎఱ్ఱబడినను, నురుగు నిలిచినను, నెత్తురు కనబడినను వైద్యునికి చూపుడు. వేడి యని విడువకుడు. గుండెజబ్బు గలవారును, పిండములు ఇదివఱకే చెడినవారును మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే త్రాగవలయును.

పొలమునకు నీరు పొదుపు చేయుట మన సీమవారికి తాతలనాటి విద్య. దేహమునకు నీరు పొదుపు చేయుట విద్య కాదు. ఆ పని చేయుటకు లోపల నీరుగంటి యున్నాడు. చెరువున నీరుంచుట మన వంతు, తూము చూచుట అతని వంతు. మా యింట ఈ మాట ఆలస్యముగా తెలిసినది. మీ యిండ్లలో సకాలమున తెలియుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.