గూఢచారులును శాసనకర్తలును

పూర్వము మన గ్రామములలో జమాబందీ యను నొక యాచారముండెను. సంవత్సరమున కొకమారు పై యధికారి మకాము వేయగా, కరణములు తమ దప్తరములతో బోయి లెక్కలు చూపవలెను. ఏ పొలమెవరిదో, ఎవరి శిస్తు ఎంత నిలిచియున్నదో కరణమునకే తెలియును. ఆతడు చెప్పినదే లెక్క. అధికారి చురుకైనవాడైనచో దప్తరము విప్పించి, ఒక్కొక్క పద్దు మీదను వ్రేలు పెట్టి ప్రశ్నించెడివాడు. సోమరియైనచో భోజనము ముగించి, చేవ్రాలు చేసి, బండి యెక్కెడివాడు. ఇరువురి యధికారము నొక్కటియే. కాని రైతునకు గలిగిన ఫలము మాత్రము, అడిగిన ప్రశ్నను బట్టి యుండెను.

ఈ చిన్న యుదాహరణమును మనస్సునందుంచుకొని అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో నొక భాగమును పరిశీలింతము. ప్రజాప్రభుత్వమునందు ధనము ప్రజలది; దానిని వ్యయించుటకు అనుజ్ఞ నిచ్చువారు ప్రజలెన్నుకొనిన ప్రతినిధులు. శాసనము చేయనిదే బొక్కసమునుండి ధనము తీయరాదనియు, జమాఖర్చుల వివరమును కాలానుగుణముగా ప్రకటింపవలెననియు ఆ దేశపు రాజ్యాంగమే విధించుచున్నది. గూఢచార సంస్థయో, స్వభావముచేతనే వెలుగును సహింపనిది. తన సేవకులెవరో, తన కార్యములెట్టివో శత్రువునకు దెలిసిన నాడు అది నిరర్థకమగును. బహిరంగముగా నుండవలసిన శాసనసభయు, మఱుగున నుండవలసిన గూఢచార సంస్థయు ఒకే ప్రభుత్వమున నెట్లు పొసగును? అమెరికనులు ఈ ప్రశ్నకు డెబ్బదియేండ్లకు మించి సమాధానము వెదకుచున్నారు.

1947వ సంవత్సరము జులై 26వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ చేవ్రాలు చేసిన జాతీయ భద్రతా శాసనముచేత సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఏజన్సీ, అనగా వాడుకలో సి.ఐ.ఏ. యనబడు సంస్థ, ఏర్పడెను. 1941లో పెర్ల్ హార్బరునందు హఠాత్తుగా దెబ్బ తినిన స్మృతి యింకను మాయలేదు. సోవియట్ రష్యాను గూర్చిన భయము దినదినము పెరుగుచుండెను. అందుచేత 1949లో శాసనసభ మఱియొక శాసనము గావించి, ఆ సంస్థ తన యుద్యోగుల సంఖ్యను, పేరులను, జీతములను వెల్లడింప నక్కఱలేదనియు, రహస్య వ్యయములకు డైరెక్టరు వ్రాసి యిచ్చిన ధ్రువపత్రమే చాలిన లెక్కయనియు నిర్ణయించెను. ఈ యసాధారణమైన స్వేచ్ఛను గూఢచారులు దొంగిలించి తీసికొనలేదు. శాసనకర్తలే చేజేతుల నిచ్చిరి. ఈ సంగతిని మఱవరాదు.

తొలి పదేండ్లు శాసనసభతో సంస్థకు గల నిత్యవ్యవహారము ప్రధానముగా వాల్టర్ ఫోర్జ్‌హైమర్ అను నొక్క న్యాయవాదిచేత నడుపబడెను. యేల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన ఈతడు 1946 మొదలు 1956 వఱకు శాసన సలహాదారుగా నుండెను. బిల్లుల ముసాయిదాలను పరిశీలించుట, సంఘాధ్యక్షుల గదులకు బోయి మాటలాడుట, వారికి సందేహము గలిగినపుడు ఉత్తరము తెచ్చి యిచ్చుట ఈతని పని. అప్పటికి గూఢచార విషయములకై ప్రత్యేక సంఘమేదియు లేదు. సైనిక వ్యవహారముల సంఘమునందును, ధనవినియోగ సంఘమునందును కొలదిమంది పెద్దలతో గూడిన యుపసంఘములుండెడివి. సెనేటులో రిచర్డ్ రస్సెల్, ప్రతినిధుల సభలో కార్ల్ విన్సన్, క్లారెన్స్ కానన్ ఆ పెద్దలలో ముఖ్యులు. సంస్థకు వలసిన ధనము ఇతర శాఖల పద్దులలో దాచబడెడిది. కొన్ని సంవత్సరములలో ఈ యుపసంఘములు ఒకటి రెండు మారులకు మించి కూడలేదు. నలుగురైదుగురు వృద్ధులకును డైరెక్టరునకును గల పరస్పర విశ్వాసమే ఆనాటి పర్యవేక్షణము.

ఈ పద్ధతి చాలదని సెనేటులో మైక్ మాన్స్‌ఫీల్డ్ పట్టుపట్టెను. గూఢచార విషయములకై ఉభయసభల సంయుక్త సంఘము నొకదానిని స్థాపింపవలెనని ఆతడు తెచ్చిన తీర్మానము 1956 ఏప్రిలు 11వ తేదీన 27 మంది పక్షమునను 59 మంది ప్రతిపక్షమునను ఓటు చేయగా వీగిపోయెను. ఆ చర్చలో లెవరెట్ సాల్టన్‌స్టాల్ అను సెనేటరు పలికిన మాట చరిత్రలో నిలిచిపోయినది. గూఢచార సంస్థవారు చెప్పుటకు జంకుచున్నారని అనుకొనరాదు. కొన్ని సంగతులు తెలిసికొనుటకు మేమే జంకుచున్నాము అని యాతడు నిజాయితీతో నొప్పుకొనెను. ఈ యొప్పుకోలే ఆ కాలమునకు తాళపుచెవి. గది తలుపునకు లోపలివారొక గడియ పెట్టుకొనిరి. వెలుపలివారు మఱియొక గడియను తామే బిగించిరి.

అట్లు మూసిన తలుపు వెనుక నేమి జరిగెను? 1953 మొదలు 1973 వఱకు న్యూయార్కు నగరమున సోవియట్ రష్యాకు బోవుచు, అచ్చటినుండి వచ్చుచునున్న ఉత్తరములను, అమెరికా పౌరులవే యైనను, సి.ఐ.ఏ. వారు రహస్యముగా విప్పి ఛాయాచిత్రములు తీయుచుండిరి. అట్టి ఉత్తరములు రెండు లక్షలకు మించినవి. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను చంపించుటకు పన్నుగడలు పన్నబడినవి. ఒక దేశపు పౌరుడు తన సోదరునకు వ్రాసికొనిన జాబు పరుల చేతిలో విప్పబడుచుండగా, ఆ పౌరుని ప్రతినిధి అడుగకపోవుటయే మర్యాద యని యూరకుండెను.

రిచర్డ్ హెల్మ్స్ కథ యింకను బోధకరమైనది. డైరెక్టరు పదవిని వదలి ఇరాను దేశమునకు రాయబారిగా బోవుటకు ముందు, 1973లో ఆతడు సెనేటు విదేశ వ్యవహారముల సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. చిలీ దేశపు ప్రభుత్వమును కూలద్రోయుటకు మీ సంస్థ ప్రయత్నించెనా యని యడుగగా, లేదని యుత్తర మిచ్చెను. ప్రయత్నించిన మాట నిజము. రహస్యమును కాపాడుదునని తాను చేసిన ప్రమాణము ఒకవైపు, సాక్షిగా సత్యము పలుకుదునని చేసిన ప్రమాణము మఱియొకవైపు ఆతనిని లాగెను. 1977లో న్యాయస్థానము ఆతనికి 2,000 డాలరుల జుల్మానా వేసి, రెండేండ్ల శిక్షను విధించి, దానిని అమలు జరుపకుండ నిలిపివేసెను. ఎవరికి సత్యము చెప్పవలెనో స్పష్టముగా నిర్ణయింపని ప్రభుత్వము, తన సేవకుని అబద్ధమాడు స్థితికి దెచ్చి, పిమ్మట ఆతనినే బోనెక్కించినది. హెల్మ్స్ దోషమును నేను తగ్గించుట లేదు. దోషమునందు భాగస్వాములున్నారని మాత్రము చెప్పుచున్నాను.

1974 డిసెంబరు 22వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రికలో సేమూర్ హెర్ష్ వ్రాసిన వార్త, సి.ఐ.ఏ. స్వదేశ పౌరులపైననే నిఘా వేసెనని వెల్లడించుటతో తలుపు గడియలు కదలినవి. ఆ నెలలోనే అమలునకు వచ్చిన హ్యూస్-ర్యాన్ సవరణము, అధ్యక్షుడు ఆమోదించిన రహస్య చర్యలను శాసనసభా సంఘములకు తెలుపవలెనని విధించెను. 1975 జనవరి 27వ తేదీన సెనేటు 82 ఓట్లకు 4 ఓట్లతో, ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతను విచారణ సంఘమును నియమించెను. నాటి డైరెక్టరు విలియం కోల్బీ, శాసనకర్తలకు లెక్క చెప్పుట రాజ్యాంగధర్మమని తలచి అనేక పత్రములను వారి ముందుంచెను. స్వసంస్థలోని పలువురు ఆతనిని నిందించిరి. ఆ సంవత్సరాంతమునకు అధ్యక్షుడాతనిని పదవినుండి తొలగింప నిశ్చయించెను. 1976లో సెనేటునందును, 1977లో ప్రతినిధుల సభయందును గూఢచార విషయములకై శాశ్వతముగా పనిచేయు సంఘములేర్పడెను. 1980 నాటి శాసనము, ఆ రెండు సంఘములకు సంపూర్ణముగను ఎప్పటికప్పుడును సమాచారము తెలుపుట సంస్థాధిపతుల విధియని నిర్దేశించెను.

నాటినుండి ఒక్క న్యాయవాది చేయుచుండిన పనికి ఒక పూర్తి కార్యాలయము వలసివచ్చెను. సంఘమునకు పంపవలసిన సూచనా లేఖలను సిద్ధపఱచుట, సాక్ష్యమిచ్చు నధికారిని ముందుగా హెచ్చరించుట, సమావేశమున "తరువాత తెలిపెదము" అని చెప్పిన ప్రశ్నలకు లిఖితపూర్వకమైన ఉత్తరములు తెచ్చుట, క్రొత్త బిల్లులపై తమ సంస్థ యభిప్రాయమును వినిపించుట, ఇవి యీ కార్యాలయపు దినచర్య. వినబోవు సంగతి బయటికి పొక్కకుండ కట్టిన గదులలోనే సమావేశములు జరుగును. సంఘపు ఉద్యోగులును రహస్యములు చూచుటకు అర్హులని పరీక్షింపబడినవారే. ఇట్టి పనిచేయువాని స్థితి అత్తవారింటికిని పుట్టినింటికిని నడుమ మాట మోయు కోడలి స్థితివంటిది. సంస్థలోనివారు ఈతడు శాసనకర్తల పక్షపాతి యందురు. శాసనకర్తలు ఈతడు సంస్థవారు పంపిన ముసుగు అందురు. ఉభయుల యనుమానమును భరించుచు సత్యము మోయగలిగినవాడే ఆ యుద్యోగమునకు తగినవాడు.

శాసనము వచ్చినంతమాత్రమున దోషము తీరెనా? 1984లో నికరాగువా దేశపు రేవులలో సి.ఐ.ఏ. ప్రేరణచేత మందుపాతరలు పెట్టబడెను. డైరెక్టరు విలియం కేసీ ఈ సంగతిని సెనేటు సంఘమునకు చెప్పలేదని యనుటకు వీలులేదు. రెండు గంటలకు మించిన నివేదనలో ఒక్క వాక్యముగా, నడుమ నెక్కడనో చెప్పి దాటిపోయెను. వినినవారు గ్రహింపలేదు, గ్రహింపనివారు మరల నడుగలేదు. నిజము తెలిసిన పిమ్మట సంఘాధ్యక్షుడు బారీ గోల్డ్‌వాటర్, సంస్థకు మిత్రుడైనను, కేసీకి మిక్కిలి కఠినమైన లేఖ వ్రాసెను. ఉపాధ్యక్షుడు డానియల్ మొయినిహాన్ రాజీనామా నిచ్చెదనని ప్రకటించెను. కేసీ క్షమాపణము చెప్పుకొన్న పిమ్మట దానిని విరమించుకొనెను. ఆ జూనులో, రహస్య చర్యలను గూర్చి ఎట్లు, ఎంత వివరముగా తెలుపవలెనో నిర్ణయించు నొడంబడిక వ్రాసికొనిరి. చెప్పుట వేఱు, తెలియజేయుట వేఱు అను భేదమును వారు కష్టపడి నేర్చిరి.

మూడవ పాఠము మన కాలముననే జరిగినది. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము పిమ్మట సి.ఐ.ఏ. కొందఱు బందీలను రహస్య స్థలములలో నుంచి క్రూరముగా ప్రశ్నించెను. సెనేటు సంఘమున అధ్యక్షునకును, ఉపాధ్యక్షునకును మాత్రమే కొంత తెలుపబడెను. తక్కిన సభ్యులకు 2006 సెప్టెంబరు 6వ తేదీన, అనగా దేశాధ్యక్షుడు లోకమునకు ప్రకటించిన దినముననే తెలిసెను. 2009 మార్చిలో సంఘము 14 ఓట్లకు ఒక ఓటుతో విచారణకు పూనుకొనెను. సంఘపు ఉద్యోగులు 60 లక్షల పుటలకు మించిన పత్రములను పరిశీలించి, 6,700 పుటలకు మించిన నివేదికను వ్రాసిరి. ఈ పనికై కేటాయించిన కంప్యూటరులను సి.ఐ.ఏ. వారు సోదా చేసిరని సంఘాధ్యక్షురాలు డయాన్ ఫైన్‌స్టీన్ 2014 మార్చి 11వ తేదీన సెనేటునందు బహిరంగముగా నారోపించెను. ఆ జులైలో డైరెక్టరు జాన్ బ్రెన్నన్ క్షమాపణము కోరెను. డిసెంబరు 9వ తేదీన నివేదిక సారాంశము వెలువడెను. సాల్టన్‌స్టాల్ తెలిసికొనుటకు జంకెను; ఈమె ఏండ్ల తరబడి చదివించి, అడిగి, వెలిబుచ్చెను. ఇరువురును ఒకే సభలో సభ్యులు.

రహస్యము పదిమందికి చెప్పిన పిమ్మట రహస్యముగా నుండునా యని కొందఱాక్షేపింతురు. ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. 1976లో ప్రతినిధుల సభ ప్రకటింపరాదని తీర్మానించిన పైక్ సంఘ నివేదిక కొలదిదినములలోనే పత్రికకెక్కెను. కాని దీనికి విరుగుడు వినువారి సంఖ్యను తగ్గించి నియమములను బిగించుటయే గాని, వినకుండుట కాదు. 1980 శాసనము చేసినది సరిగా నిదియే: ఎనిమిది సంఘములకు తెలుపవలసిన దానిని రెంటికి పరిమితము చేసెను.

ఇక మన సంగతి. మన ఇంటెలిజెన్స్ బ్యూరో మూలములు 1887 నాటివి. విదేశ విషయములను చూచు రీసెర్చ్ అండ్ ఎనాలిసిస్ వింగ్ 1968లో ఏర్పడెను. ఈ రెంటిలో నేదియు పార్లమెంటు చేసిన ప్రత్యేక శాసనముచేత పుట్టలేదు. వీనిని పర్యవేక్షించుటకే నియమింపబడిన పార్లమెంటు సంఘమును లేదు. 2011లో లోక్‌సభ సభ్యుడు మనీష్ తివారీ ఇట్టి శాసనమునకై ప్రైవేటు బిల్లును ప్రవేశపెట్టెను. అది చట్టము కాలేదు. మన గూఢచారులు తప్పు చేయుచున్నారని నేననుట లేదు. చేసిరో లేదో తెలిసికొను స్థానము మన ప్రతినిధులకు లేదని మాత్రమే నా మాట.

అమెరికా చరిత్ర మనకు శాసనము వలయుననియు, శాసన మొక్కటియే చాలదనియు నేర్పుచున్నది. అడుగు నధికారమును శాసనమీయవచ్చును. అడుగు మనస్సును ఓటరులే యీయవలెను. రోడ్డు వేయింతునని, నీరు తెత్తునని ఓట్లడుగ మన యింటికి వచ్చు లోక్‌సభ అభ్యర్థిని, అయ్యా, మా పేర రహస్యముగా ఖర్చగు ధనమునకు లెక్క నెవరడుగుదురు అని మన గృహిణులును గృహస్థులును ఒక్కమారు ప్రశ్నింతురు గాక. ఆతడు ఉత్తరము చెప్పలేకపోవచ్చును. కాని మఱుసటి యింటికి బోవునప్పుడైన ఆ ప్రశ్న ఆతని మనస్సున నుండును.